ఆకాశానికి అడుగెంత?

ఈ మధ్య నందిగామలో ఏ కాలేజీ పిల్లాణ్ణి కదిలించినా పెన్సిలుతో గీసిన మొహం ఒకటి ఫోనులో చూపిస్తున్నాడు. వాళ్ళలో కొందరు మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చి, "అంకుల్, మీరు ఇన్నేళ్ళు బొమ్మలు అమ్మారంట గదా, రేటు ఎట్టా పెట్టాలో చెప్పండి" అంటున్నారు. నేను బొమ్మలు అమ్మలేదు. పటాలు కట్టాను. పటాలు కట్టే పనిలో అప్పుడప్పుడు జరిగే ప్రమాదమే బొమ్మ అమ్ముడుపోవడం. అయినా అడిగినవాళ్ళను కాదనలేక, తెలిసిందేదో రాసిపెడుతున్నాను. ఇది చదివి ఎవరైనా ఈ పనిలోకి రావడం మానుకుంటే నాకు సంతోషం. మానుకోకపోతే వాళ్ళ మీద నాకు గౌరవం. నా దగ్గర ఇవ్వడానికి ఉన్నవి ఈ రెండే, రెండూ మార్కెట్లో చెల్లవు.

మా నాన్న నాకు మూర్తి అని పేరు పెట్టాడు. పేరుకు తగ్గట్టే జీవితమంతా మూర్తుల మధ్య గడిచింది. దేవుళ్ళు, పోయిన తాతలు, పోబోయే తాతలు. నందిగామ బస్టాండుకు దగ్గర్లో నా కొట్టు. అటు జగ్గయ్యపేట నుంచి ఇటు కీసర దాకా ఎవరింట్లో పెద్దకర్మ జరిగినా ఫోటోకు పటం కట్టించుకునేది నా దగ్గరే. బతికున్నవాళ్ళ ఫోటో తెచ్చినవాడు "తొందరేం లేదండీ" అనేవాడు. పోయినవాళ్ళ ఫోటో తెచ్చినవాడికి సాయంత్రానికల్లా కావాలి. మనిషికి మన దగ్గర తొందర ఎప్పుడు పుడుతుందో అక్కడే నాకు తెలిసింది.

కొట్టులో ఒక పక్క గోడ ఖాళీగా ఉండేది. చుట్టుపక్కల బొమ్మలు వేసేవాళ్ళు తెచ్చిన పటాలు దాని మీద తగిలించేవాణ్ణి. అమ్ముడుపోతే వాళ్ళకు కొంత, నాకు కొంత. ఈ ప్రాంతం మొత్తానికి ఆర్ట్ గ్యాలరీ అంటే అదే. దాని మధ్యలో కరెంటు మీటరు ఉండేది. దాన్ని మాత్రం నెలనెలా ఎవరో ఒకరు వచ్చి శ్రద్ధగా చూసి వెళ్ళేవారు.

నా గురువు

పని నేర్చుకున్నది విజయవాడలో, రంగారావుగారి దగ్గర. "రంగులు రావు, అందుకే రంగారావు" అని ఆయనే చెప్పుకుని నవ్వేవారు. చెక్క కొయ్యడం, మూల కలపడం, అద్దం మీద వేలిముద్ర పడకుండా పట్టుకోవడం ఆయన నేర్పినవే. వ్యాపారం కూడా ఆయనే నేర్పారు.

"బొమ్మ ధర అడిగితే ఫ్రేము ధర చెప్పరా మూర్తీ," అనేవారు. "చెక్క ఎంతో, అద్దం ఎంతో అందరికీ తెలుసు. తెలిసినదాని దగ్గర మనిషి గీచిగీచి బేరమాడడు. తెలియనిదాని దగ్గర భయపడతాడు. భయపడ్డవాడు సగానికి అడుగుతాడు."

ఆయన చెడ్డవాడు కాదు. అబద్ధమూ చెప్పలేదు. ఆ సూత్రంతో నేను ఇల్లు గడుపుకున్నాను. కానీ అందులో ఒక మెలిక ఉంది. చెక్కవాడి ధర చెక్కకు, అద్దంవాడి ధర అద్దానికి, నా కూలి నాకు పోయాక మిగిలిందే బొమ్మ ధర. చాలాసార్లు ఏమీ మిగిలేది కాదు. ఏళ్ళ తరబడి మా ప్రాంతంలో బొమ్మ అనేది ఫ్రేము కొన్నవాళ్ళకు ఉచితం. టీ పొడితో స్పూను ఇచ్చినట్టు.

కొనేవాళ్ళు ఏం కొంటారు

గోడ కొంటారు. గోడలో లోపం కొంటారు అంటే ఇంకా సరిగ్గా ఉంటుంది.

ఒకాయన ఫ్యాక్టరీ క్వార్టర్స్ నుంచి వచ్చి, "మూడున్నర అడుగులు ఉండాల. తడి మచ్చ మూడు అడుగులు ఉంది" అన్నాడు. ఏ బొమ్మ కావాలని అడిగితే, "మచ్చ కనపడకుండా ఉండేది" అన్నాడు. నేను నవ్వుకున్నాను గాని, ఆలోచిస్తే ఆయన బాధ నిజమైనది. వానాకాలం వచ్చినప్పుడల్లా ఆ మచ్చ పెరుగుతుంది. మా కళాకారులెవరి బొమ్మా ఇంట్లోవాళ్ళు తనను అంతగా పట్టించుకునేలా చేసుకోలేదు. ఇంకొకరికి తూర్పు గోడ మీద ఏడు గుర్రాలు కావాలి. ఆరు ఉంటే కొనరు. ఇంకొకావిడ సోఫా గుడ్డ ముక్క కత్తిరించి తెచ్చింది, ఈ రంగుకు సరిపడే ప్రకృతి ఏదైనా ఉందా అని.

ఇది చదివి కొనేవాళ్ళ మీద కోపం తెచ్చుకోకండి. ఇల్లు కట్టడంలో ప్రాణం సగం పోయాక, మిగిలిన సగంతో బొమ్మ కొనడానికి వస్తారు. వాళ్ళకు తెలిసిన కొలతలు వాళ్ళు తెస్తారు. మన దగ్గర వాళ్ళకివ్వడానికి వేరే కొలత లేకపోవడమే అసలు సంగతి.

భిక్షం

భిక్షం జగ్గయ్యపేటలో బోర్డులు రాసేవాడు. ఎరువుల కొట్లకు, డాక్టర్లకు, లారీల వెనక తలుపులకు. ముందు పుట్టిన పిల్లలు దక్కకపోతే, తర్వాతి బిడ్డను దేవుణ్ణి అడుక్కుని తెచ్చుకున్నామని ఆ పేరు పెట్టడం అక్కడి అలవాటు. పేరు భిక్షమే గాని అడగడం మాత్రం అతనికి జన్మలో చేతకాలేదు. ఫ్లెక్సీలు వచ్చి బోర్డుల పని ఊడ్చుకుపోయాక, ఇళ్ళకు రంగులు వేస్తూ, ఖాళీ ఉన్నప్పుడు బొమ్మలు వేసేవాడు. మొత్తానికి రంగుల్లో బతికినా రంగుల జీవితం కాదు.

వేసేది ఒకటే, సిమెంటు కోసం తవ్విన సున్నపురాయి క్వారీ. తవ్వి వదిలేసిన గుంట, మెట్లు మెట్లుగా తెల్లటి రాయి, అడుగున కదలని ఆకుపచ్చ నీళ్ళు. మనిషి ఉండడు, లారీ ఉండదు. పైన సగానికి మించి ఆకాశం, అందులో మబ్బు కూడా ఉండదు.

మొదటిసారి తెచ్చినప్పుడు, "ఏమయ్యా, గుంట బొమ్మ ఎవరు కొంటారు? ఎవరైనా ఇంట్లో గుంట పెట్టుకుంటారా?" అన్నాను.

"ఇళ్ళన్నీ ఆ గుంటలోంచి వచ్చినయ్యే గదన్నా," అన్నాడు.

జవాబు లేనప్పుడు వంక పెట్టడం నా అలవాటు. "అయినా పైన అంత ఖాళీ ఎందుకు వదిలేశావు?"

"ఖాళీ కాదన్నా, దుమ్ము. మా నాయన ఆ క్వారీలో పని దిగి ఇంటికొచ్చి కండువా దులిపితే లేచేది. ఆ రంగు. నాలుగైదు పొరలేస్తేగానీ రాలా."

వాళ్ళ నాన్న దగ్గిదగ్గి పోయాడని తర్వాత తెలిసింది. ఆయన పటం కూడా నేనే కట్టాను.

ఆ బొమ్మలు నా గోడ మీద ఉండేవి, మీటరు పక్కన. చూసినవాళ్ళు "బాగుందండీ" అని ఏడు గుర్రాలు కొనుక్కుని వెళ్ళేవారు. ఒకసారి జగ్గయ్యపేటలో ఏదో సాంస్కృతిక సంఘంవాళ్ళు ఒకటి తీసుకుంటామని, ఎంత ఇమ్మంటారని అడిగారు. భిక్షం "మీ ఇష్టం అండీ" అన్నాడు. వాళ్ళ ఇష్టం శాలువా అయింది. సభ పెట్టి, కప్పి, చప్పట్లు కొట్టి పంపారు. బొమ్మలు వేసే పిల్లలు మరిచిపోకూడని మాట ఒకటుంటే ఇదే. "మీ ఇష్టం" అనకండి. మన దగ్గర కళకు కనీస ధర సున్నా కాదు, శాలువా.

భిక్షం భార్య లక్ష్మి జాకెట్లు కుడుతుంది. ఆ వారం మా కొట్టుకు వచ్చి ఒక సంచి చూపించింది. లోపల దిండు గలీబులు, అంచుకు జరీ.

"ఇది నాలుగో శాలువా అన్నయ్యగారూ," అంది. "ఈ పేట ఎండల్లో కప్పుకునేదెవరు? ఇట్టా కుట్టా. పడుకుంటే తలకి సన్మానం."

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

"మా తమ్ముడు హైదరాబాదులో అపార్ట్‌మెంట్లకి రంగులు కాంట్రాక్టు పట్టాడు. బావని పంపించమంటున్నాడు. నేనే ఆపా. దసరాదాకా చూద్దామన్నా. బొమ్మల మీద ఇంటద్దె వస్తే ఇక్కడే ఉంటాం. రాకపోతే పోవాల్సిందే. పోయి అక్కడ రోలరు పట్టుకుంటే ఇంక ఈయన బొమ్మ జోలికి రాడన్నయ్యగారూ. నాకు తెలుసు ఈయన సంగతి. కాస్త మీరేమన్నా చూడండి."

బొమ్మలు మానేసి డబ్బు తెమ్మని వచ్చే భార్యలను చూశాను. మొగుడి బొమ్మలు బతికించమని వచ్చిన మనిషిని ఆమెను ఒక్కర్తినే చూశాను.

అడుగు లెక్క

ఆ వేసవిలో సాంబశివరావుగారు వాళ్ళ నాన్నగారి పటానికి కొలత ఇవ్వడానికి వచ్చారు. ఆయనకు చందర్లపాడు వైపు పొలాలు, ఒకప్పుడు క్వారీ లీజు, ఇప్పుడు కీసర దగ్గర హైవే మీద కడుతున్న కల్యాణ మండపం. అదే సమయానికి భిక్షం కొత్త బొమ్మ ఒకటి ఇవ్వడానికి వచ్చి బల్ల మీద కూర్చున్నాడు. సాంబశివరావుగారు గోడవైపు చూసి, కళ్ళజోడు తీసి, మళ్ళీ పెట్టుకున్నారు.

"మూర్తీ, ఇది మా గుంట గదూ?"

"జగ్గయ్యపేట అవతల ఎక్కడో అనుకుంటానండీ."

"ఎక్కడో ఏంది, మాదే. ఆ మూడో మెట్టు చూడు, అక్కడే మా టిప్పరు తిరగబడింది." ఆయన గొంతులో, పోయిన మనిషి ఫోటో చూసినప్పటి మెత్తదనం వచ్చింది. "మండపంలో స్టేజీకి ఎదురు గోడ ఉంది. దానికి ఇదే పెద్దదిగా వేయించాల. ఎంతైద్ది?"

ఇలాంటి క్షణం కోసం నా దగ్గర ఒక పద్ధతి ఉండేది. ధర వెంటనే చెప్పను. టీ తెప్పిస్తాను. బొమ్మ గోడ మీంచి దించి ఆయన చేతికిస్తాను. చేతిలోకి వచ్చినదాన్ని తిరిగివ్వడం మనిషికి కష్టం. అప్పుడు మొత్తం బొమ్మకు ఒక ధర చెప్పి, చెప్పాక నోరు మూసుకుంటాను. టీ కోసం నేను కేక వేసేలోపు వెనక బల్ల మీంచి మాట వచ్చింది.

"అడుగు నాలుగొందలండి."

సాంబశివరావుగారి మొహం విప్పారింది. "అట్టా చెప్పు. అర్థమయ్యే మాట." ఆయన మండపంలో బండలు అడుగు లెక్క, టైల్సు అడుగు లెక్క, సీలింగు అడుగు లెక్క. ఈ బొమ్మ ఒక్కటే ఎందుకు వేరేగా ఉండాలి? పన్నెండడుగుల పొడవు, అయిదడుగుల ఎత్తు అని అక్కడికక్కడే తేల్చి, ఫ్రేము నన్ను కట్టమని చెప్పి వెళ్ళిపోయారు.

"బొమ్మకి అడుగు రేటేందయ్యా?" అన్నాను.

"మరి దేన్నిబట్టి చెప్పాలన్నా?"

"నీ బొమ్మ బోర్డా?"

"కాదు. కానీ రేటు చెప్పడం నేర్చుకుంది బోర్డుల మీదే గదా. అడగ్గానే నోట్లోంచి అదొచ్చింది." వేళ్ళ మీద లెక్క వేసుకుని, "అరవై అడుగులన్నా. దసరా దాటిపోతాం," అన్నాడు. అతను అంత హుషారుగా మాట్లాడటం నేనెప్పుడూ చూడలేదు.

నా వ్యాపార జీవితంలో చాలా తప్పులు నావే గనక, నావి కానిది ఒకటి దొరికినప్పుడు చెప్పుకోవాలని ఉంటుంది. కానీ ఇది అతని తప్పు అనడానికి కూడా నోరు రాదు. ధర చెప్పే భాష అతనికి ఒకటే వచ్చు, అందులో చెప్పాడు. నందిగామలో అంతకంటే మంచి భాష ఎవరికైనా వచ్చా? గంటల లెక్క చెబితే మేస్త్రీ కూలితో పోలుస్తారు. పట్నం ధర చెబితే పట్నం పొమ్మంటారు. మనసు లెక్క చెబితే పాపం అంటారు.

బొమ్మ అక్కడే, మండపంలో ఇంకా తలుపులు పెట్టని భోజనాల హాల్లో కాన్వాసు బిగించి వేశాడు. ఇళ్ళ రంగుల పని మొత్తం ఆపేశాడు. ఆదివారాలు బస్సెక్కి వెళ్ళి చూసేవాణ్ణి. రాయి తొందరగానే లేచింది. ఆకాశం మాత్రం కదల్లేదు. వేసి, ఆరనిచ్చి, గుడ్డతో తుడిచి, మళ్ళీ వేసి. ఒక ఆదివారం వెళ్ళేసరికి వెనక్కి వచ్చి గోడకానుకుని కూర్చుని ఉన్నాడు. నేనూ పక్కన కూర్చుని చూశాను. కాసేపటికి నా గొంతులో గరగర పుట్టి దగ్గు వచ్చింది. చిత్రకళ గురించి నేను జీవితంలో చేసిన విమర్శ అదొక్కటే. అతనికి అర్థమైంది.

ఓపెనింగులు

బొమ్మ పూర్తయ్యాక, కొలతల రోజు ఫ్రేము ముక్కలతో నేనూ వెళ్ళాను. లక్ష్మి కూడా కొత్త చీర కట్టుకుని వచ్చింది. సాంబశివరావుగారి సూపర్‌వైజరు రాజు టేపు పట్టుకుని వచ్చాడు. బిల్లులన్నీ అతనే తేలుస్తాడు. మంచి కుర్రాడు, ఎవరి దగ్గరా రూపాయి తినడు. తినేవాడైతే బాగుండేదని తర్వాత అనుకున్నాను.

గోడలకు రంగు వేసే పనిలో ఒక రూలు ఉంది. ఇల్లు కట్టించినవాళ్ళకు తెలిసే ఉంటుంది. గోడ మొత్తం కొలిచి, అందులో తలుపులు, కిటికీల జాగా తీసేస్తారు. వాటిని ఓపెనింగులు అంటారు. వేయనిచోట రంగుకు డబ్బులెందుకని.

రాజు పొడవు కొలిచాడు, ఎత్తు కొలిచాడు. తర్వాత టేపు బొమ్మ మధ్యలోకి తెచ్చి, రాయి అంచు నుంచి పైకి లాగాడు.

"ఈ పైదంతా ఏందండీ?"

"ఆకాశం," అన్నాడు భిక్షం.

"అదే, అందులో ఏమేశారు?"

"ఆకాశమే వేశా."

"అంటే ఓపెనింగు గదా."

రాజు వేళాకోళం ఆడటం లేదు. టేపు కిందికి తిప్పి నీళ్ళు కొలవడం మొదలుపెట్టాడు. నేను కల్పించుకుని, "రాజూ, అక్కడ నాలుగైదు పొరల రంగుంది బాబూ, ఖాళీ కాదు," అన్నాను.

అతను ఆలోచించాడు. పాపం, న్యాయం చేద్దామనే ఆలోచించాడు. "రంగేస్తే అట్టా పూర్తిగా కొట్టెయ్యకూడదు లెండి. ప్రైమరు, పైన రెండు కోట్లు అని వేసుకుందాం. గోడ రేటు వచ్చిద్ది."

భిక్షం గురించి ఎవరైనా కోట్లలో మాట్లాడింది ఆ ఒక్కసారే.

సాంబశివరావుగారు వచ్చారు. నేను ఆయనకు చెప్పాను. అది దుమ్మని, అతని తండ్రి ఆ క్వారీలోనే పనిచేసి పోయాడని, ఆ రంగు కోసమే ఇన్నాళ్ళు పట్టిందని చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నారు. ఆ తండ్రి పేరు కూడా అడిగారు. గుర్తుపట్టారు కూడా.

"మంచివాడు, పాపం," అన్నారు. "కానీ మూర్తీ, రాజు చెప్పింది న్యాయమే గదా. బొమ్మ వేసినచోట బొమ్మ రేటు, రంగు వేసినచోట రంగు రేటు. నేను అడుగు నాలుగొందలు కాదన్నానా? బేరమైనా ఆడలేదు. రేటు చెప్పింది ఎవరు?"

అందరం భిక్షం వైపు చూశాం. రేటు చెప్పింది అతనే.

లక్ష్మి చీర కొంగు వేలికి చుట్టుకుంటూ నిలబడింది. సగానికి పైగా పోతే ఎంత మిగులుతుందో ఆమె అప్పటికే లెక్క వేసినట్టుంది. ఆ మిగిలిందాంతో దసరా దాటదు. నేను గొడవకు సిద్ధపడ్డాను. నా గొడవ మామూలుగా గొంతు సవరించుకోవడంతో మొదలై అక్కడే ముగుస్తుంది. ఈసారి అది కూడా కాకముందే భిక్షం మాట్లాడాడు.

"రేపు మధ్యాన్నందాకా టైమివ్వండి సార్. ఖాళీలు లేకుండా చేసిస్తా."

"ఒద్దయ్యా," అన్నాను.

"ఫర్లేదన్నా."

"అది కాదు, భిక్షం..."

"ఫర్లేదు లేన్నా. నువ్వు ఫ్రేము పని చూసుకో."

నేను ఫ్రేము పని చూసుకున్నాను. అతను నిచ్చెన ఎక్కాడు. బోర్డులు రాసిన చెయ్యి, చాలా వేగం. పొద్దుగూకేలోపు ఆకాశంలో కొంగలు బారులు తీరాయి. కొంగల వెనక కొండలు, కొండల మీద గోపురం. మర్నాడు ఉదయానికి గుంట అంచుల మీద టిప్పర్లు వరసకట్టాయి. వాటి మీద సాంబశివరావుగారి నాన్నగారి పేరు, గుండ్రటి అక్షరాలతో. నీళ్ళలో బాతులు దిగాయి. ఒక మూల నెమలి. క్వారీలో నెమలి ఏమిటని నేను అడగలేదు. ఆ మూల ఇంకా ఒక అడుగు ఖాళీ ఉంది, అంతే.

రాజు మళ్ళీ టేపు తెచ్చాడు. అటునుంచి ఇటు ఒకేసారి లాగి, "అరవై," అన్నాడు. సంతోషంగా అన్నాడు. డబ్బు పూర్తిగా, అప్పటికప్పుడు ఇచ్చారు. సాంబశివరావుగారు భిక్షం భుజం తట్టి, "చూశావా, ఇప్పుడు నిండుగా ఉంది. ముందే ఇట్టా వేసి ఉంటే ఈ మాటే రాకపోను," అన్నారు.

గిరాకీ

మండపం ప్రారంభానికి వచ్చినవాళ్ళందరూ ఆ బొమ్మ ముందు నిలబడి సెల్ఫీలు దిగారు. తర్వాత ప్రతి పెళ్ళికీ ఆ ఫోటోలు ఊళ్ళు తిరిగాయి. ఒక డాబా హోటలువాళ్ళు అడిగారు, తర్వాత ఒక స్కూలువాళ్ళు, తర్వాత కొత్త ఇళ్ళవాళ్ళు. అందరికీ నిండుగా కావాలి. భిక్షం నిండుగా వేశాడు. లక్ష్మి తమ్ముడికి ఫోను చేసి బావ రావడం లేదని చెప్పింది. రోలరు పట్టుకోవాల్సిన అవసరం రాలేదు. ఇంటద్దె వచ్చింది, పైగా బండి కొన్నారు. ఆమె నన్ను అడిగిన సహాయం మొత్తానికి జరిగింది. బొమ్మల మీదే ఇల్లు గడిచింది. ఇల్లు గడిచేకొద్దీ బొమ్మ కొంచెం కొంచెంగా ఇంట్లోంచి బయటికి నడిచింది.

అతను చెడిపోయాడని నేననను. చెడ్డ బొమ్మలు వేసి బాగుపడినవాళ్ళను చూశాను, అది వేరు. ఇతను ఇప్పటికీ రాయి వేస్తే వేలితో గీరి చూడాలనిపిస్తుంది. దాని మీద ఏనుగో, జలపాతమో పడే లోపల చూడాలి, అంతే.

ఒకరోజు లక్ష్మి కొట్టు ముందు ఆగింది. "అంతా బానే ఉందన్నయ్యగారూ," అంది. నేను అడగలేదు. "ఇదివరకు బొమ్మ అయిపోయాక నన్ను పిలిచి చూపించేవాడు. ఇప్పుడు ఆరితే చుట్టి పెడతాడు." చెప్పి వెళ్ళిపోయింది.

మోకాళ్ళు మొరాయించి కొట్టు మూసేద్దామనుకున్నప్పుడు, చివరి కోరికలాంటిది ఒకటి పుట్టింది. ఇన్నేళ్ళు ఊరందరి బొమ్మలకూ ధర కట్టించినవాణ్ణి, నా డబ్బుతో ఒక్క బొమ్మ కొనలేదు. భిక్షాన్ని పిలిపించాను.

"క్వారీ ఒకటి వెయ్యి. నాకే. మునుపటిలాగా. ఏ కొంగా వద్దు, ఏ నెమలీ వద్దు. పైన ఏమీ వద్దు."

"తమాషా చేస్తున్నావా మూర్తన్నా?"

"నా మొహం చూడు."

చూశాడు. సరేనన్నాడు. ఎప్పటికి ఇస్తానో చెప్పలేదు. నేనూ అడగలేదు. నాకు ఆశ లేదు. చెయ్యి ఊరుకోదనుకున్నాను. వదిలేసిన చోటల్లా ఏదో ఒక పక్షి వాలుతుందనుకున్నాను.

వాలలేదు. చాలా నెలల తర్వాత తెచ్చి బల్ల మీద విప్పాడు. రాయి, నీళ్ళు, పైన అంతా ఆ రంగు. పలచగా కాదు, మందంగా కాదు, ఇప్పుడే ఎవరో కండువా దులిపినట్టు. మండపం కోసం వేసి చెరుపుకున్నదానికంటే బాగుంది. నా ముప్పై ఏళ్ళ గోడ మీద అలాంటిది ఎప్పుడూ వేలాడలేదు. ఏదీ పోలేదు, అంతా ఇతనిలో ఎక్కడో భద్రంగానే ఉంది అనుకున్నాను. అనుకుని, పిచ్చివాడిలా, "ఎంతివ్వమంటావయ్యా?" అన్నాను.

నా పద్ధతి ప్రకారం నేనే ముందు చెప్పాల్సింది. మొత్తం బొమ్మకు ఒక ధర చెప్పి నోరు మూసుకోవాల్సింది.

అతను జేబులోంచి టేపు తీశాడు. పొడవు పెట్టాడు, ఎత్తు పెట్టాడు. తర్వాత, నేను చూస్తుండగా, రాయి అంచు దగ్గర బొటనవేలు ఆనించి టేపు పైకి లాగి, పెదాలు కదుపుతూ ఆ పైభాగం లెక్కలోంచి తీసేశాడు. కిందికి తెచ్చి నీళ్ళు కూడా తీసేశాడు. మిగిలినదానికి ఒక సంఖ్య చెప్పాడు.

"అదేమిటయ్యా? పైన వేసినదో?"

"అక్కడ వేసిందేముందన్నా."

"భిక్షం, నేను మొత్తానికి ఇస్తాను. పట్టు."

"ఒద్దు మూర్తన్నా. నీ దగ్గర ఎక్కువ తీసుకుంటానా? లేనిదానికి డబ్బులు తీసుకుంటే బాగోదు."

టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాడు. నేను ఆ గొంతులో కోపం కోసం వెతికాను. వెక్కిరింపు కోసం వెతికాను. నన్ను ఎత్తిపొడవడానికో, సాంబశివరావుగారిని ఎత్తిపొడవడానికో అంటున్నాడేమోనని మొహంలోకి చూశాను. ఏమీ లేదు. నిజంగానే, తెలిసినవాడికి అన్యాయం చేయకూడదన్న మర్యాదతో అన్నాడు.

అతను చెప్పినంతే ఇచ్చాను.